బుట్టలల్లిన సన్యాసులు: శ్రమ ప్రార్థనలో భాగమా, ప్రార్థనకు అడ్డమా? (మారుపేర్లతో నలుగురి చర్చ)

తాటాకు పందిరి:
మన దగ్గర సన్యాసం పుచ్చుకున్నవాడు పొయ్యి వెలిగించడు, నాగలి పట్టడు. మాధుకరంతో బతుకుతాడు. పెట్టడం గృహస్థు ధర్మం, పుచ్చుకోవడం యతి ధర్మం. నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారికి వెళ్లిన క్రైస్తవ సన్యాసులు దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టారు. అక్కడి నైట్రియా, స్కేటిస్ అనే చోట్ల ఖర్జూరపు ఆకులు నానబెట్టి, తాళ్లు పేని, బుట్టలు, చాపలు అల్లి అమ్ముకుని తిన్నారు. కోతల కాలంలో నైలు పక్క పొలాలకు కూలికి వెళ్లారు. అదే కాలంలో, అదే బైబిలు చదివిన మరికొందరు మాత్రం పని చేస్తే ప్రార్థన తెగిపోతుందని చేతులు ముడుచుకున్నారు. ఇద్దరూ చూపించింది బైబిలులో అపొస్తలుడు పౌలు రాసిన మాటే. ఒకరికి "పని చేయనొల్లనియెడల వాడు భోజనము చేయకూడదు", మరొకరికి "యెడతెగక ప్రార్థనచేయుడి".

నా ఓటు బుట్టలల్లినవారికి. అలెగ్జాండ్రియాకు తొమ్మిదో మైలురాయి దగ్గర ఎనటోన్ అనే చోట లూకియస్ అనే పెద్దాయన ఉండేవాడు. మేము చేతిపని ముట్టం, ఎడతెగక ప్రార్థిస్తాం అంటూ కొందరు ఆయన దగ్గరికి వచ్చారు. "మీరు భోంచేయరా?" అని అడిగాడాయన. చేస్తామన్నారు. "భోంచేసేటప్పుడు మీ ప్రార్థన ఎవరు చేస్తారు? నిద్రపోయేటప్పుడు ఎవరు చేస్తారు?" జవాబు లేదు. అప్పుడు తన పద్ధతి చెప్పాడు. నానిన ఆకులు ముందు వేసుకుని కూర్చుంటాడు. "దేవా, నీ కృపచొప్పున నన్ను కరుణింపుము" అని కీర్తన చెప్పుకుంటూ తాడు పేనుతాడు. రోజంతా అలా చేస్తే పదహారు నాణేలదాకా వస్తాయి. రెండు వాకిట్లో పెట్టేస్తాడు, మిగిలినవాటితో తింటాడు. ఆ రెండూ తీసుకున్న బీదవాడు, లూకియస్ తింటున్నప్పుడూ నిద్రపోతున్నప్పుడూ ఆయన కోసం ప్రార్థిస్తాడు. ప్రార్థన ఎక్కడా తెగలేదు, పస్తూ లేదు. ఇంతకంటే చక్కని లెక్క నేను చూడలేదు.

సందేహి:
లెక్క చక్కగానే ఉందండి. కానీ రాసిపెట్టింది ఎవరు? గెలిచినవారు. లూకియస్ ఎదుట నోరు మెదపలేక నిలబడ్డవారిని మెస్సలియన్లు అనేవారు, అంటే ప్రార్థించేవారు. 431లో ఎఫెసులో జరిగిన బిషప్పుల మహాసభ వారిని ఖండించింది. వారి బోధల్లో చాలావరకు మనకు దక్కింది వారిని తప్పుపట్టినవారు తయారుచేసిన జాబితాల్లోనే. ఫిర్యాది రాసిన అభియోగపత్రం చదివి ముద్దాయి సోమరి అని తీర్పు చెబుతామా?

సిరియాక్ భాషలో "మెట్ల గ్రంథం" అనే పాత ఉపదేశాల సంపుటం ఉంది. అందులో విశ్వాసులు రెండు తరగతులు. నీతిమంతులు ఇల్లు చూసుకుంటారు, పని చేస్తారు, ఆకలిగొన్నవారికి పెడతారు. సంపూర్ణులు ఆస్తి, పెళ్లి, పని అన్నీ వదిలి, తిరుగుతూ, బోధిస్తూ, అందరికంటే తక్కువవారిగా తమను ఎంచుకుంటూ ప్రార్థిస్తారు. మీరు మొదట్లో చెప్పిన గృహస్థు-యతి ఒప్పందానికి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. అక్కడ ధర్మం అన్నది ఇక్కడికి వచ్చేసరికి సోమరితనం ఎలా అయింది?

మఠం వాకిలి:
సందేహి గారూ, సీనాయి కొండ దగ్గర సిల్వానుస్ కథ మీకోసమే పుట్టినట్టుంది. ఒక సోదరుడు ఆయన మఠానికి వచ్చి, అందరూ పనిలో ఉండటం చూసి, "క్షయమైన ఆహారం కోసం కష్టపడకండి, మరియ ఉత్తమమైనదానిని ఏర్పరచుకొనెను" అని పాఠం చెప్పాడు. బైబిలు కథలో మార్త ఇంటిపనిలో మునిగితే, ఆమె చెల్లెలు మరియ యేసు పాదాల దగ్గర కూర్చుని వింటుంది, మెప్పు ఆమెకే దక్కుతుంది. సిల్వానుస్ కోప్పడలేదు. ఈయనకో పుస్తకమిచ్చి ఖాళీ గదిలో కూర్చోబెట్టండి అన్నాడంతే. మఠంలో భోజనం తొమ్మిదో గంటకు, అంటే మన మధ్యాహ్నం మూడు. అతిథి తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. ఆఖరికి తనే లేచి వెళ్లి, ఈరోజు సోదరులు భోంచేయలేదా అని అడిగాడు. చేశారన్నాడు సిల్వానుస్. మరి నన్ను పిలవలేదేం? "మీరు ఆత్మసంబంధి కదా, మీకు ఈ తిండితో పనేముంది? మేము శరీరులం, తినాలి, అందుకే పని చేస్తున్నాం." అతిథి క్షమాపణ అడిగాక చివరి మాట: మరియకూ మార్త కావాలి, మార్త వల్లే మరియకు ఆ మెప్పు.

సందేహి:
ఈ కథ రుజువు చేసేది మనిషికి ఆకలి వేస్తుందని. అది కాదన్నవారెవరు? పని ప్రార్థన అవుతుందా అన్నది వేరే ప్రశ్న.

ఎడారి సన్యాసులకు ఆద్యుడిగా చెప్పుకునే ఆంథోనీ గురించిన పేరుపొందిన కథే తీసుకోండి. ఎడారిలో ఒంటరిగా విసుగెత్తి, నేనెలా తరించాలి అని మొరపెట్టుకుంటాడు. బయటికి వస్తే తనలాంటివాడే ఒకడు కనిపిస్తాడు. కూర్చుని తాడు పేనుతున్నాడు, లేచి ప్రార్థిస్తున్నాడు, మళ్లీ కూర్చుని పేనుతున్నాడు, మళ్లీ లేస్తున్నాడు. అది దేవదూత. ఇలా చేయి, తరిస్తావు అంటాడు. గమనించండి, పని ఆపితేనే ప్రార్థన. రెండూ ఒకటి కావు. తాడు పేనడం ఇక్కడ విసుగుకు మందు.

ఆ విసుగును ఎవాగ్రియస్ చెప్పినంత దగ్గరగా ఎవరూ చెప్పలేదు. 399లో ఈజిప్టు ఎడారిలోని కెల్లియాలో చనిపోయిన ఈ సన్యాసి మధ్యాహ్నపు దయ్యం గురించి రాశాడు. సూర్యుడు కదలడు. రోజుకు యాభై గంటలున్నట్టుంటుంది. సన్యాసి మాటిమాటికీ కిటికీ వైపు చూస్తాడు, గదిలోంచి బయటికొచ్చి తొమ్మిదో గంటకు ఇంకెంతుందో ఎండను చూసి లెక్కపెడతాడు. తానున్న చోటు మీద, బతుకు మీద, ఆ చేతిపని మీదే అసహ్యం పుడుతుంది. ఇంత తెలిసిన మనిషికి శిఖరం ఏది? బుట్ట కాదు, ఏ రూపమూ మనసులో లేని శుద్ధ ప్రార్థన. ఆయన జీవనోపాధికి పుస్తకాలకు నకళ్లు రాసేవాడు, నిజమే. రాతను ఉపాధి అనే అనుకున్నాడు.

ఇంకొకటి. ఊళ్లకు ఏడు రోజుల దూరంలో ఉండే పౌలు అనే సన్యాసి గురించి, ఈజిప్టు సన్యాసుల మధ్య గడిపి వచ్చిన కాసియన్ రాశాడు. అల్లినవి అమ్మడానికి తీసుకెళ్తే బండి కిరాయి వాటి ధరను మించిపోతుంది. అందుకని ఏడాదంతా అల్లి గుహ నింపి, ఏడాది చివర అంతా తగలబెట్టేవాడు. దీన్ని శ్రమ అంటారా? నాకైతే జపమాల తిప్పడంలాగే ఉంది.

తాటాకు పందిరి:
అంటే మీరు నా పక్షానికే వచ్చారు. తిండికి కాక, అమ్మకానికి కాక చేసిన పని జపమాలలాంటిదైతే, అది ప్రార్థనలో భాగమే కదా.

సందేహి:
ఆసరాకు పట్టుకున్న చేతికర్ర కాలు కాదండి.

చరిత్ర చదువరి:
మీరిద్దరూ ఎడారి వదలడం లేదు. నేను ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌కు తీసుకెళ్తాను, ఎందుకంటే అసలు విషయం అక్కడ బయటపడింది. 400 ప్రాంతంలో అక్కడి కొందరు సన్యాసులు పని మానేశారు. వారి ఆధారం "ఆకాశపక్షులను చూడుడి, అవి విత్తవు కోయవు". అక్కడి బిషప్ ఔరేలియస్ అడిగితే, హిప్పో ఊరి బిషప్ ఆగస్టీన్ సన్యాసుల పని గురించి ఒక చిన్న గ్రంథమే రాశాడు. పక్షులు కొట్లలో దాచుకోవు, విసరవు, వండవు. మరి మీరు రేపటికి ఎందుకు దాస్తున్నారు, ఎందుకు వండుకుంటున్నారు అని ఎత్తిపొడిచాడు. వారి పొడుగు జుట్టును కూడా వదల్లేదు. తనకు మాత్రం బిషప్‌గా ఊరివాళ్ల ఆస్తి తగాదాలు వినడం కంటే రోజూ కొన్ని గంటలు చేతిపని చేసి, మిగతా సమయం చదువుకుని ప్రార్థించుకోవడమే ఇష్టమని వాపోయాడు. నాకు ఆయనలో బాగా నచ్చే చోటు అదే.

అయితే అందులోనే ఒక మినహాయింపు ఉంది. ఆస్తిపరులుగా పెరిగి, ఆస్తిని మఠానికో బీదలకో ఇచ్చేసి వచ్చినవారు కష్టం చేయలేకపోతే సహించాలట. బానిసత్వం నుంచి, పొలం నుంచి, కమ్మరి కొలిమి నుంచి వచ్చినవారు మాత్రం చేయాల్సిందే. సెనేటర్లు శ్రమజీవులై, కూలీలు తీరికరాయుళ్లయ్యే చోటు మఠం కాకూడదన్నది ఆయన వాదన. ఒక కోణంలో న్యాయమే. కానీ పని ప్రార్థనే అయితే, ధనికుడికి ఆ ప్రార్థన నుంచి సెలవెందుకు?

ఇక ఆరో శతాబ్దంలో ఇటలీలో మఠాల కోసం బెనెడిక్ట్ రాసిన నియమావళి. "ప్రార్థించు, పనిచేయు" అనే నినాదం ఆయనదని అందరూ రాస్తారు. ఆ నియమావళిలో ఆ మాట లేదు, దానికి ప్రచారం వచ్చింది పందొమ్మిదో శతాబ్దంలో. ఉన్నది 48వ అధ్యాయం: సోమరితనం ఆత్మకు శత్రువు, చేతుల కష్టంతో బతికినప్పుడే నిజమైన సన్యాసులు. కానీ ఈ రెండో వాక్యం వచ్చే సందర్భం చూడండి. స్థలం బీదదై, పంట తామే కోసుకోవాల్సి వస్తే సోదరులు బాధపడవద్దు అని ఓదారుస్తూ చెప్పిన మాట అది. అంటే మామూలుగా కోతకు వేరేవాళ్లుండేవారన్నమాట.

ఆ వేరేవాళ్లెవరో సిస్టర్షియన్లు అనే సన్యాసులు చెప్పారు. ఫ్రాన్స్‌లో 910లో పుట్టిన క్లూనీ మఠంలో ఆరాధన పెరిగి పెరిగి చేతిపని నామమాత్రమైందని విసిగి, 1098లో సీటోలో వీరు మొదలుపెట్టారు. మళ్లీ నియమావళి, మళ్లీ శ్రమ అన్నారు. మరి గుడిలో గాయకబృందంగా రోజుకు ఇన్నిసార్లు కీర్తనలు పాడుతూ దూరపు పొలాలు ఎవరు దున్నాలి? అందుకు సామాన్య సోదరులనే తరగతిని చేర్చుకున్నారు, మఠవ్రతం పట్టినా పూర్తి సన్యాసులు కానివారు. వారికి గడ్డం, వేరే దుస్తులు, వేరే భోజనశాల, గుడిలో వేరే భాగం. పుస్తకం ముట్టకూడదు. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, లూకియస్ చెప్పుకున్న ఆ కరుణ కీర్తన, ఇలాంటి కొన్ని నోటికి వస్తే చాలు. మఠాధిపతి ఎన్నికలో మాట లేదు. గాయక సన్యాసిగా మారే దారీ లేదు. జర్మనీలో షొనావు మఠంలో ఈ సోదరులు బూట్ల విషయంలో తిరగబడ్డారని వారి సొంత చరిత్రలోనే ఉంది. సిస్టర్షియన్లలో పేరుమోసిన బెర్నార్డ్ ప్రసంగాల తియ్యదనం మెచ్చుకునేవారు ఆ బూట్లను కూడా గుర్తుంచుకోవాలి.

కాబట్టి పని ప్రార్థనా కాదా అన్నది నాకు రెండో ప్రశ్న. ఒకరి ప్రార్థనకు ఎవరి పని అన్నది మొదటిది.

మఠం వాకిలి:
ఇది అందరికీ అంటించకండి. ఈజిప్టులో పాఖోమియస్ స్థాపించిన మఠాల్లో ఒకదాన్ని పల్లాడియస్ అనే రచయిత కళ్లారా చూసి రాశాడు. మూడువందల మందిలో పదిహేనుమంది దర్జీలు, ఏడుగురు కమ్మరులు, నలుగురు వడ్రంగులు, పన్నెండుమంది ఒంటెలు తోలేవారు. అందరూ సన్యాసులే, వేరే తరగతి లేదు. అక్కడ పనికి కూడా హద్దు ఉంది. రోజుకొక చాప నియమమైతే ఒకతను రెండు అల్లి, పెద్దాయన కంటపడేలా గది ముందు పెట్టాడు. పాఖోమియస్ మెచ్చుకోలేదు, ఇతను పొద్దుటినుంచి పడ్డ కష్టం దయ్యానికి ఇచ్చాడన్నాడు. చెప్పిన ధర కంటే ఎక్కువకు చెప్పులు అమ్మి వచ్చిన సోదరుడికీ చీవాట్లే. ఆదాయం పెరగాలని పని చేయించేవాడు ఇలా అంటాడా?

తాటాకు పందిరి:
చర్చకు కాస్త పక్కదారి, అయినా చెప్పాలనిపించింది. రాజభవనం వదిలి స్కేటిస్‌కు వచ్చిన అర్సేనియస్ ఆకులు నానబెట్టే నీళ్లు ఏడాదికోసారే మార్చేవాడు, మిగతా రోజుల్లో పాత నీళ్లకే కొత్త నీళ్లు కలిపేవాడంతే. గది కంపు కొడుతోందని ఎవరో అంటే, లోకంలో అనుభవించిన అత్తరులకు బదులు ఈ వాసన భరించాలి అన్నాడట. చదువరి గారూ, మీరన్న ఆస్తిపరుల మినహాయింపును వాడుకోని ఆస్తిపరుడు ఈయన.

చరిత్ర చదువరి:
అర్సేనియస్ విషయం ఒప్పుకుంటాను. అయితే ఒక మనిషి ఎంచుకున్నది వేరు, సంస్థ నియమంగా పెట్టింది వేరు.

సందేహి:
సంస్థల మాటే అయితే పారిస్ చూడండి. 1250ల్లో అక్కడి విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం ఆఫ్ సెయింట్ ఆమూర్, భిక్షతో బతికే డొమినికన్లు, ఫ్రాన్సిస్కన్ల మీద విరుచుకుపడ్డాడు. ఒళ్లు బాగున్నవాడు అడుక్కోవడం తప్పు, చేతిపని చేయాలి అన్నాడు. ఆధారం ఆగస్టీన్ రాసిన ఆ గ్రంథమే. 1256లో డొమినికన్ అయిన థామస్ అక్వినాస్ జవాబిచ్చాడు. పని చేయమన్న ఆజ్ఞ బతకడానికి వేరే న్యాయమైన దారి లేనివారికి. బోధించడం, చదివి చెప్పడం కూడా సేవే, దానికి ప్రతిగా అన్నం పుచ్చుకోవడం తప్పు కాదు. అంటే భిక్ష మళ్లీ ధర్మమైంది. నా మెస్సలియన్లు ఎనిమిది వందల ఏళ్లు ముందు పుట్టారు, అంతే.

చరిత్ర చదువరి:
అక్వినాస్ వాదన బోధించగలిగినవాడిని కాపాడుతుంది. బోధించలేని, చదువురాని సోదరుడి సంగతి? ఆయన కంటే ముప్పై ఏళ్ల ముందే, 1226లో, ఫ్రాన్సిస్కన్ల స్థాపకుడు అస్సీసీ ఫ్రాన్సిస్ తన వీలునామాలో, నేను నా చేతులతో పని చేశాను, చేయాలనే ఉంది, సోదరులందరూ చేయాలి, రానివారు నేర్చుకోవాలి అన్నాడు. కూలి దొరకనప్పుడే ఇంటింటికీ వెళ్లి అడగమన్నాడు. సందేహి గారూ, మీరు చెప్పే భిక్షాధర్మానికి పెద్ద దిక్కయిన ఫ్రాన్సిస్ దాన్ని రెండో స్థానంలో పెట్టాడు. దీనికి మీ జవాబు రాయండి, ఎదురుచూస్తాను.