చర్చ: నల్లగొండ అమ్మాయికి ప్రపంచ ఆరోగ్యం చదువు అవసరమా?

దేవరకొండ రోడ్డు:
మా మేనకోడలు నల్లగొండలో బీఎస్సీ పూర్తి చేసింది. ఇప్పుడు ప్రజారోగ్యంలో పీజీ చేస్తానని, అందులోనూ ప్రపంచ ఆరోగ్య సమస్యలు, వాటిపై దేశాల స్పందన అనే విభాగమే తీసుకుంటానని పట్టుబట్టింది. ఇంట్లో మాత్రం బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. నాదీ అదే మాట. జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తీర్మానం చేస్తే మునుగోడుకు ఒరిగేదేమిటి? తెలిసినవాళ్లు మొహమాటం లేకుండా చెప్పండి.

పానగల్లు:
డీఎస్సీయే మేలు. 2025 జనవరి 20న అమెరికా ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది పేద దేశాలకు అమెరికా సాయం పంచే యూఎస్ఎయిడ్ కూడా దుకాణం సర్దేసింది. ఆ డబ్బుతో నడిచే క్షయ, ఎయిడ్స్ కార్యక్రమాలు ఎన్నో దేశాల్లో కుదేలయ్యాయి. అనుభవం ఉన్నవాళ్లే రోడ్డున పడ్డారు, కొత్తగా వచ్చే అమ్మాయిని ఎవరు పిలుస్తారు? దాత మనసు మారితే మాయమయ్యే రంగంలోకి అప్పు చేసి పంపకండి.

మర్రిగూడ బాట:
ఉద్యోగాల గురించి పానగల్లు గారి మాట కాదనను. "మునుగోడుకు ఒరిగేదేమిటి" అన్న దగ్గరే నాకు పేచీ.

బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే గారపళ్లు, వంకర తిరిగిన కాళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు: నల్గొండ టెక్నిక్. బకెట్ నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక ద్రావణం కలిపి మొదట వేగంగా, తర్వాత మెల్లగా తిప్పి వదిలేస్తే తెల్లటి మడ్డి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు వంచుకుని తాగాలి. చవక, కరెంటు అక్కర్లేదు. కెన్యా, టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్లింది.

చిక్కు ఎక్కడంటే, పటిక ఎంత వేయాలన్నది ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. ఒక బోరుకు కుదిరిన కొలత పక్క బోరుకు కుదరదు. కూలికి పోయి పొద్దుగూకాక ఇల్లు చేరే తల్లి రోజూ ఈ కొలతలు చూసుకుని, ఆ మడ్డిని దూరంగా పారబోసి రావాలి. చెప్పడం తేలికే. ఇక్కడ సమస్యను నిజంగా తగ్గించింది పైపుల్లో వచ్చిన కృష్ణా నీళ్లు. మన పేరుతో ఆఫ్రికా వెళ్లిన పరిష్కారాన్ని మనమే పక్కన పెట్టాం. నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగేది మన దగ్గర గ్రానైటు రాయి నుంచి, అక్కడ తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయలో అగ్నిపర్వత శిలల నుంచి. రోగం మాత్రం ఒకటే. ఒకచోట పుట్టిన మందు మరోచోట ఎందుకు పనిచేస్తుందో, ఎందుకు చెయ్యదో తెలుసుకునే చదువే మీ అమ్మాయి అడుగుతున్నది.

ఇంకో మాట. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వాతావరణాన్నీ, జనం తాగే నీళ్ల పరిమాణాన్నీ చూసుకుని ఎవరి హద్దు వాళ్లు పెట్టుకోవాలనీ ఆ సంస్థే చెబుతుంది. ఈ రెండో వాక్యాన్ని ఎవరూ పట్టించుకోరు. రోహిణి కార్తెలో మట్టి పని చేసే మనిషికీ, చల్లని దేశంలో ఆఫీసులో కూర్చునే మనిషికీ అదే 1.5 ఎలా సరిపోతుంది?

వలస బస్సు:
మాది మహబూబ్‌నగర్ వైపు. ఫ్లోరైడ్ కథ బాగుంది కానీ, మా దగ్గర అసలు బాధ క్షయ. మామూలు క్షయకే ఆరు నెలలు మందులు వాడాలి. మధ్యలో కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ పిలిస్తే సంసారం మూటగట్టుకుని పుణె, ముంబై బస్సెక్కుతారు. అక్కడ మందులు ఎవరిని అడగాలో తెలియదు. మానేస్తే రోగం మొండికేస్తుంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. దీనికి కావాల్సింది ఆశా కార్యకర్త దగ్గర ఫోను నంబరు, మేస్త్రీతో ఒక మాట. జెనీవా చదువు చదివినవాళ్లు ఈ పని చేస్తారా? నేను చూసినంతలో సర్వే కాగితాలు నింపుకుని వెళ్లిపోతారు.

మర్రిగూడ బాట:
వలస బస్సు గారూ, మొండికేసిన క్షయ దాకా వచ్చారు కాబట్టి అడుగుతున్నా, దానికి వాడే బెడాక్విలిన్ ధర ఎలా దిగిందో తెలుసా? ఆ మందుపై పేటెంటును 2023 జులై తర్వాత కూడా పొడిగించుకోవాలని జాన్సన్ అండ్ జాన్సన్ చూసింది. ముంబైకి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా టిసిలే అభ్యంతరం దాఖలు చేశారు. ఇద్దరూ క్షయ నుంచి బయటపడ్డవాళ్లు, పాత మందుల వల్ల వినికిడి పోగొట్టుకున్నవాళ్లు. ఆ ఏడాది మార్చిలో మన పేటెంట్ కార్యాలయం కంపెనీ దరఖాస్తును తోసిపుచ్చింది. చవక మందులు తయారు చేసుకోవడానికి మన కంపెనీలకు దారి దొరికింది. ఆశా కార్యకర్త చేతిలోకి మందు రావాలంటే ఎక్కడో ఒకరు ఆ పేటెంట్ చట్టం చదివి ఉండాలి.

వలస బస్సు:
ఒప్పుకుంటా. అయినా మేస్త్రీతో మాట్లాడే మనిషి ఇంకా దొరకలేదు. మీరు చెప్పినవాళ్లు వందలో ఒకరు, మిగతావాళ్లు కాగితాలు నింపేవాళ్లే. చేరేముందు ఒక్కటి అడగండి: రెండేళ్లలో ఎన్ని నెలలు ఊళ్లలో తిప్పుతారు? జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఆ కాలేజీ వద్దు.

పానగల్లు:
ఫీజు ఎవరు కడతారో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

దేవరకొండ రోడ్డు:
ఫీజు నేనే కట్టాలి, అందుకే ఇక్కడ అడిగింది. ఇవన్నీ అమ్మాయికి చూపించాను. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు మన దేశపు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రామేనట, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా పరవాలేదంటారట. వేరే నీళ్లు దొరకని చోట మాత్రం ఎముకలు ఎక్కువ ఫ్లోరైడ్‌ను తట్టుకుంటాయా అని నన్ను అడుగుతోంది. మర్రిగూడ బాట గారూ, దీనికి మీరే ఏదో ఒకటి చెప్పండి. ఊళ్లలో తిప్పే కాలేజీ ఏదైనా తెలిస్తే, హైదరాబాద్‌లో అయినా సరే, పేరు రాయండి.