ఎడమచేతి వాటానికి కుడిచేతి గిటార్: ఎలిజబెత్ కాటన్ 1958 ఆల్బమ్ ఎలా వాయించాలి?

ప్రశ్న (ఎడంచెయ్యి): ఎడమచేతి వాటపు అమెరికన్ ఫోక్ గాయని కాటన్, ఫోక్‌వేస్ రికార్డు కంపెనీ ఆల్బమ్‌లో పాడిన 'ఫ్రైట్ ట్రైన్' నేర్చుకోవాలి. నాది ఎడమచేతి వాటం, ఉన్నది మామూలు అకూస్టిక్. తీగలు అటూ ఇటూ మార్చి కట్టాలా, ఆవిడలా గిటార్‌నే తిప్పి పట్టుకోవాలా? అదే ఆల్బమ్‌లోని 'వాస్టపోల్'లో ఆ మోత కూడా ఎంతకీ రావట్లేదు.

మంద్రం: తీగలు మార్చకండి. నట్‌లో (మెడ పైచివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) ఒక్కో గాడిని ఒక్కో తీగ మందానికి కోస్తారు. లావు తీగ సన్న గాడిలో దిగదు, సన్నది లావు గాడిలో ఆడుతూ జిర్రుమంటుంది. నట్ మార్పించినా శాడిల్ (కింద తీగలు ఆనే పట్టీ) ఏటవాలు కుడిచేతికే ఉంటుంది. పై ఫ్రెట్లకు (మెడమీది అడ్డకడ్డీలు) పోయేకొద్దీ లావు తీగ శ్రుతి పెరుగుతుంది, సన్నది తగ్గుతుంది.

తిప్పి పట్టుకుంటే ఈ గొడవే లేదు. లావు తీగలు నేలవైపు, సన్నవి గడ్డంవైపు వస్తాయి. కాటన్ బేస్ (లావు తీగల దెబ్బ) చూపుడువేలితో, పాట వరస బొటనవేలితో వాయించేది. ఆ వరస అంత గుండ్రంగా వినబడేది బొటనవేలి కండ వల్లే అంటాను. ఫోక్ సంగీతకారుడు మైక్ సీగర్ ఆవిడ ఇంట్లో టేప్ చేసిన పాటలవి. అరవై దాటిన మనిషి వేళ్లలో ఆ నిలకడ వినండి!

తీగెమోత: ముందు బేస్ ఒక్కటే. సి కార్డ్ పట్టి 5, 4, 5, 4 తీగలు (అన్నిటికన్నా లావుది 6వది, సన్నది 1వది), మెట్రోనోమ్ నిమిషానికి 60 దెబ్బల్లో. జి7కీ ఇ కార్డ్‌కీ 6, 4. చూపుడువేలు దానంతటది తిరిగాకే వరస కలపండి. మొదట బేస్ దెబ్బతోపాటు పడే స్వరాలు, తర్వాత దెబ్బకీ దెబ్బకీ మధ్యవి. అందరూ తప్పేది ఈ రెండో రకం దగ్గరే: వరస కోసం బేస్ ఆగిపోతుంది, రైలు కూడా ఆగిపోతుంది.

మంద్రం: 'వాస్టపోల్' ఓపెన్ డిలో, అంటే ఏ తీగా నొక్కకుండా మీటితే డి కార్డ్ పలికే శ్రుతిలో ఉంటుంది. 6వ తీగ డికి, 3వది ఎఫ్ షార్ప్‌కి, 2వది ఎ (A)కి, 1వది డికి దించండి. 5, 4 ముట్టుకోవద్దు. సన్న తీగల 10-47 సెట్ అయితే తీగలు వదులై ఫ్రెట్లకు కొట్టుకుంటాయి, కాస్త లావైన 12-53 వేయండి.

ఎడంచెయ్యి: దించాను. 3వ తీగ నిమిషానికోసారి శ్రుతి తప్పుతోందండీ.

తీగెమోత: పైనుంచి దించి అక్కడే ఆపేసి ఉంటారు. తీగ గాడిలో పట్టుకుని, వాయిస్తుంటే జారుతుంది. ఎఫ్ షార్ప్ కంటే ఇంకా కిందికి దించి, పైకి బిగిస్తూ స్వరం అందుకోండి. గాడిలో పెన్సిల్ ముల్లు నాలుగుసార్లు రుద్దితే తీగ పట్టుకోదు.