సమస్యాపూరణం: "అద్దమందుఁ జూడ నన్యుఁ డుండె"

నిర్వాహకుడు: సాహిత్యం సమాజానికి అద్దమని ప్రతి సభలోనూ అంటున్నాం. ఆ అద్దంలో ఎవరున్నారు, ఎవరికి చోటు దొరకలేదు? పై పాదాన్ని నాలుగో పాదంగా తీసుకుని ఆటవెలదిలో పూరించండి. ఆధునికత అంటే మీ ఉద్దేశమేమిటో పద్యంలోనే తెలియాలి.

చిక్కడపల్లి సభ్యుడు:

కొత్త కోటు తొడిగి కొలువుకుఁ బోవుచుఁ
బాత పలుకు మఱచి పట్నవాసి
తన్ను తాను వెదకి తత్తరపడెనయ్య
అద్దమందుఁ జూడ నన్యుఁ డుండె

నిర్వాహకుడు: గణాలు కుదిరాయి, పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం జత కలవాల్సిన యతీ కుదిరింది. మూడో పాదం హాయిగా సాగింది. కానీ కోటు తొడిగినవాడు ఆధునికుడు, మాట మరిచినవాడు పరాయివాడు అనడం ఎందరో నడిచిన దారి. ‘కన్యాశుల్కం’ నాటకంలో గిరీశానికి ఇంగ్లీషు ముక్కలున్నాయి, చుట్ట ఉంది, సంస్కరణ ఉపన్యాసాలున్నాయి. అయినా ఆ నాటకంలో ఆధునికమైన మనసు వేశ్య అయిన మధురవాణిది. వేషం దగ్గర ఆగకండి.

మలక్‌పేట సభ్యురాలు: గిరీశం మాట వచ్చింది కాబట్టి, ఆ నాటకం చూస్తున్న ఒక తండ్రి మీద:

పైకమునకుఁ గూఁతుఁ బసిదాని నమ్మెడు
తండ్రి నాటకమునఁ దన్నుఁ జూచె
సిగ్గు పడక లేచి చీకాకు పడి పల్కె
"అద్దమందుఁ జూడ నన్యుఁ డుండె"

నిర్వాహకుడు: ఈ పద్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రెండో పాదంలో తనను చూసుకున్న మనిషి, నాలుగో పాదంలో ఆ పోలికనే కాదంటున్నాడు. సమస్యను అతని నోటనే పెట్టడం గొప్ప ఊహ. విశాఖ జిల్లాలో శుల్కం, అంటే పిల్లకు వెల, పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల లెక్కను విజయనగరం ఆనందగజపతి మహారాజు తీయిస్తే మూడేళ్లలో 1034 తేలాయని గురజాడ ఆ నాటకానికి 1897 నాటి పీఠికలో రాశారు. ఏడాది వయసు పిల్లలు కూడా ఆ జాబితాలో ఉన్నారు. అంకె చదివినవాడు "ఎవరో లే" అనుకుని పుట తిప్పేయగలడు. కూతురిని అమ్మజూసే అగ్నిహోత్రావధాన్లు ఎదురుగా వేదిక మీద నిలబడితే అలా అనుకోవడానికి మరింత మొండితనం కావాలి. మీ పద్యంలో ఆ మొండితనం ఉంది.

చిక్కడపల్లి సభ్యుడు: పద్యం నాకూ నచ్చిందమ్మా. "సిగ్గు పడక" అన్నది మాత్రం కవి తీర్పు. దాన్ని పాఠకుడికి వదిలేయండి. "సీటు వదలి లేచి" అంటే యతి చెడదు, మనిషి కళ్లకు కడతాడు. రవీంద్రభారతిలో ఆ నాటకం చూస్తూ, ఇంట్లో కట్నం బేరం పెట్టుకున్న నేటి తండ్రికి కూడా పద్యం తగులుతుంది. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది, బేరాలు ఆగలేదు కదా.

మలక్‌పేట సభ్యురాలు: సంతోషంగా తీసుకుంటున్నానండీ.

కూకట్‌పల్లి సభ్యుడు: మాదాపూర్ మేడలు చూసి రాశాను.

ఇటుక మోసి మోసి యెత్తైన మేడను
కట్టినట్టి కూలి గాజు వంక
తొంగి చూచి నిలిచెఁ గన్నీరు నిండఁగ
అద్దమందుఁ జూడ నన్యుఁ డుండె

బర్కత్‌పుర సభ్యురాలు: మూడో పాదంలో యతి తప్పింది. "తొ"కు "గ" చెల్లదు. యతి కుదిరినా నేను ఆ కన్నీరు వద్దనేదాన్ని. అతను ఏడ్చాడని మనమెందుకు చెప్పాలి? "తొంగి చూచి నిలిచెఁ దోఁపలే దేమియు" అనండి. ఏమీ తోచక నిలబడిపోయిన మనిషే ఎక్కువ బాధిస్తాడు.

నిర్వాహకుడు: సవరణతో పద్యం నిలబడింది. తాను కట్టిన మేడలో వేరొకరు కాపురమున్నారన్న అర్థం సమస్యకు సహజంగా అతికింది. 1965లో తిరుగుబాటు కవిత్వం రాసిన దిగంబర కవుల తొలి సంపుటిని మన హైదరాబాద్‌లోనే ఆవిష్కరించినవారు నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు. నా దృష్టిలో ఆధునికత అక్కడుంది: ఇన్నాళ్లూ అద్దానికి బయట నిలబడినవాడి పేరు పుస్తక చరిత్రలోకి రావడంలో. మీ కూలి ఇంకా బయటే ఉన్నాడు. అతనే మాట్లాడేలా మరో పద్యం రాయండి, రేపు సాయంత్రం దాకా పూరణలు తీసుకుంటాను.

కూకట్‌పల్లి సభ్యుడు: "నేను" అంటూ మొదలుపెట్టాను. రెండో పాదం దగ్గర ఉన్నాను.