టైనీ నుంచి ఇన్ఫినిటెసిమల్ దాకా నిచ్చెన వేయొచ్చా?

పదనిచ్చెన:
చిన్నదనాన్ని చెప్పే ఇంగ్లిష్ మాటలను మెట్లుగా నేర్పితే సులువని నా వాదన. స్మాల్ కంటే టైనీ చిన్నది, దానికంటే మైన్యూట్, ఆ తర్వాత మినస్క్యూల్, మైక్రోస్కోపిక్, అట్టడుగున ఇన్ఫినిటెసిమల్. మనకు చిన్న, నలుసంత, అణుమాత్రం ఉన్నట్టే. కాదనేవాళ్లు ఇది ఎక్కడ బెడిసికొడుతుందో చూపించండి.

మాటతోడు:
రెండో మెట్టు దాటగానే బెడిసికొడుతుందండీ. ఎ టైనీ బేబీ అంటారు, ఎ మైన్యూట్ బేబీ అనరు. ఎ మైన్యూట్ డిఫరెన్స్, మైన్యూట్ క్రాక్స్ అంటారు. ఆ మాటలో ఉన్నది పట్టిపట్టి చూస్తేనే తెలిసే చిన్నదనం. ఇన్ మైన్యూట్ డీటెయిల్ అంటే చిన్న వివరం అని కాదు, పూసగుచ్చినట్టు అని. మీ మెట్ల లెక్కన నేర్చుకున్నవాడు దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటాడు.

పైగా గడియారపు మినిట్‌కూ దీనికీ అక్షరాలు ఒకటే, పలుకు వేరు. విశేషణంలో ఊనిక రెండో భాగం మీద పడుతుంది. రెండింటికీ మూలం ‘చిన్నగా చేసిన’ అనే లాటిన్ మాటే. గంటను మొదటిసారి చిన్న భాగాలు చేస్తే మినిట్, రెండోసారి చేస్తే సెకండ్. సెకండ్ అనే పేరు ఆ ‘రెండో’ నుంచే వచ్చింది.

లిటిల్ మీ పట్టికలో లేనే లేదు. స్మాల్ కొలత చెబుతుంది, లిటిల్ కొలతతో పాటు ముద్దో, జాలో, చులకనో కలుపుతుంది. దాని ముందు ఎ తీసేస్తే అర్థమే మారుతుంది: ఎ లిటిల్ హోప్ అంటే కాస్త ఆశ ఉంది, లిటిల్ హోప్ అంటే దాదాపు లేదు.

సూక్ష్మం:
సైన్సు రాతల్లో ఈ నిచ్చెన ఇంకా ప్రమాదం. మైక్రోస్కోపిక్ అంటే ‘చాలా చాలా చిన్న’ కాదు, కంటికి ఆనదు, మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది అని. మామూలు కన్ను విడిగా గుర్తించగలిగేది దాదాపు 0.1 మిల్లీమీటరు వరకే. ఒకటి రెండు మైక్రోమీటర్ల బ్యాక్టీరియాకు ఆ మాట సరిపోతుంది. కాంతితో పనిచేసే సాధారణ మైక్రోస్కోప్ హద్దు సుమారు 200 నానోమీటర్లు. చాలా వైరస్‌లు అంతకంటే చిన్నవి కాబట్టి వాటికి సబ్‌మైక్రోస్కోపిక్ అనే వేరే మాట ఉంది.

ఇన్ఫినిటెసిమల్ అసలు ఈ వరసలోది కాదు. గణితంలో అది సున్నా కాదు, కానీ మీరు ఎంత చిన్న ధన సంఖ్య చెప్పినా దానికంటే చిన్నది. బ్యాక్టీరియాకు కొలత ఉంది కాబట్టి ల్యాబ్ రిపోర్టులో దాన్ని ఇన్ఫినిటెసిమల్ అంటే తప్పే. వ్యాసంలో ఇన్ఫినిటెసిమల్ రిస్క్ అంటే మాత్రం ఎవరూ పట్టించుకోరు. ముందున్న ఇన్ఫినిట్ చూసి ‘బ్రహ్మాండమైన’ అనుకునేవాళ్లు కూడా ఉంటారు. కీలకం తోకలో ఉంది: పదో వంతు, వందో వంతు లాగే ‘అనంతో వంతు’ అని విడదీసి చెబితే పొరపాటు రాదు.

పదనిచ్చెన:
ఇన్ఫినిటెసిమల్ తీసేస్తాను. మిగతా మెట్లకు ‘వెరీ’ పరీక్ష పెట్టండి. వెరీ స్మాల్ బాగుంటుంది, వెరీ టైనీ కొంచెం ఎబ్బెట్టు, వెరీ మినస్క్యూల్ మరీ ఎబ్బెట్టు. అంటే మెట్లు ఉన్నట్టేగా?

మాటతోడు:
అది మెట్లను కాదు, రెండు జాతులను చూపిస్తోంది. స్మాల్‌ను వెరీతో పెంచుతారు. టైనీలో ‘చాలా’ ముందే ఉంది కాబట్టి దానికి అబ్సొల్యూట్‌లీ నప్పుతుంది, స్మాల్‌కు నప్పదు. మరి మీ లెక్కన టైనీ కంటే కిందున్న మైన్యూట్‌ను చూడండి. వెరీ మైన్యూట్ క్వాంటిటీస్ అని శాస్త్ర రచనల్లో మామూలుగానే రాస్తారు. పరీక్ష అక్కడే వీగిపోయింది.

అచ్చుతప్పు:
అర్థం సంగతి సరే, మినస్క్యూల్ స్పెల్లింగ్ కూడా నేర్పండి. ఎన్ తర్వాత యు రావాలి. మినీ గుర్తొచ్చి ఐ రాసేవాళ్లు చాలామంది. కొన్ని నిఘంటువులు దాన్ని రూపాంతరంగా ఇస్తున్నా ప్రూఫ్ దిద్దేవాళ్లు కొట్టేస్తారు. మాట వెనక ఉన్నది మైనస్.

ఇంకో వింత: మినియేచర్‌కు పుట్టుకలో చిన్నదనంతో సంబంధమే లేదు. రాతప్రతుల్లో వాడే మినియం అనే ఎర్ర సీసపు రంగు నుంచి వచ్చింది. ఆ బొమ్మలు చిన్నవి కావడంతో అర్థం జారింది. మినీ అనే ముక్క దాన్ని కత్తిరిస్తే వచ్చిందే!

సూక్ష్మం:
నెగ్లిజిబుల్‌ను కూడా ‘అతి చిన్న’ అని నేర్పేస్తున్నారు. అది ఈ పనికి లెక్కలోంచి వదిలేయొచ్చు అనే తీర్పు. రోడ్డు పొడవులో 1 మిల్లీమీటరు నెగ్లిజిబుల్, బేరింగ్ బిగింపులో కాదు. మినిమల్ అంటే కనిష్ఠం. వర్షపాతం పట్టికలో ట్రేస్ అంటే చినుకులు పడ్డాయి గానీ కొలతకు అందలేదని.

మాటతోడు:
నామవాచకాలు ఇంకా మొండివి. నాట్ ఎ ష్రెడ్ ఆఫ్ ఎవిడెన్స్ అంటే మన వీసమెత్తు ఆధారం కూడా లేదు. వీసం పదహారో వంతే అయినా ఎవరూ పదహారుతో భాగించి చూడరు. వీసమెత్తు ఆధారం ‘ఉంది’ అంటే ఎంత అతకదో, ఐయోటా ఆఫ్ ట్రూత్ ఉంది అన్నా అంతే. ఉంది అనాలంటే గ్రెయిన్ ఆఫ్ ట్రూత్. దుమ్ముకు స్పెక్, కాగితానికి స్క్రాప్. అవకాశానికైతే స్లిమ్ అనే విశేషణం. కాబట్టి ఒక్కో మాట పక్కన అది నప్పే రెండు నామవాచకాలు, నప్పనిది ఒకటి రాయించండి.

పదనిచ్చెన:
అయితే స్మాల్, టైనీ రెండే మెట్లుగా ఉంచి, మిగతావి మీరన్నట్టు జతలుగా ఇస్తాను. మినస్క్యూల్ పక్కన ఏం రాయించమంటారు?

మాటతోడు:
హ్యాండ్‌రైటింగ్, అమౌంట్. నప్పనిదానికి హెడేక్ పెట్టండి, దానికి స్లైట్ కావాలి.