వేసవి నాటకోత్సవం: ప్రేక్షకుల జ్ఞాపకాలు సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మూడోగంట:
ఏటా వేసవిలో ఆరుబయట జరిగే నాటకోత్సవానికి ఏళ్ల తరబడి వస్తున్న ప్రేక్షకుల జ్ఞాపకాలను సేకరించి భద్రపరచాలని మా ప్రయత్నం. పనిచేసేది నలుగురు వాలంటీర్లు. ఫోన్లు, ఒక మామూలు ఫ్లాట్‌బెడ్ స్కానరు ఉన్నాయి. ఫారాలు పంచితే "చాలా బాగుంది", "మరపురాని అనుభవం" తప్ప ఇంకేమీ రావడం లేదు. ఏం అడగాలి? ఎలా రికార్డు చేయాలి? కొందరు పాత టికెట్లు, కరపత్రాలు తెస్తామంటున్నారు. ఒకరైతే అన్నీ లామినేషన్ చేయించి ఇస్తామంటున్నారు. సరేననవచ్చా?

తెరముందు:
లామినేషన్ మాత్రం వెంటనే ఆపించండి. కారణం తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు, చెబుతారు. నేను ప్రశ్నల గురించి చెబుతాను.

"మీకు నచ్చిన నాటకం ఏది?" అంటే అభిప్రాయం అడిగినట్టు. దానికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. జ్ఞాపకం కావాలంటే చోటును, వెలుతురును, చప్పుడును, పక్కన కూర్చున్న మనిషిని అడగాలి. "ఎక్కడ కూర్చున్నారు? అక్కడి నుంచి స్టేజీ ఎంత కనిపించేది?" అని మొదలుపెట్టండి. కింద బెంచీయా, గడ్డా, కుర్చీయా? ఆట మొదలయ్యేసరికి వెలుగుందా, చీకటి పడిందా? ఏ పాత్ర మాట వినపడలేదు? విరామంలో ఎవరితో మాట్లాడారు? ఇంటికెళ్తుంటే దారిలో ఏ డైలాగు నోట్లో ఆడింది? నచ్చిన నాటకం సంగతి అన్నిటికన్నా చివర. అప్పటికి ఆ జవాబు దానంతటదే వచ్చేసి ఉంటుంది.

ఆరుబయటి వేసవి ఆట చాలాసార్లు పగటి వెలుగులో మొదలై చీకట్లో ముగుస్తుంది. స్టేజీ లైట్లు పూర్తిగా తెలిసేది పొద్దు వాలాకే. అందుకని లైట్ల గురించి ఎవరేం చెప్పినా అది సాధారణంగా రెండో సగంలోని దృశ్యమే అయ్యుంటుంది. "చీకటి పడేసరికి స్టేజీ మీద ఎవరున్నారు?" అన్న ఒక్క ప్రశ్న ఎన్నో విషయాలు బయటికి తెస్తుంది. 1985లో ఫ్రాన్స్‌లోని ఆవిన్యోన్ నాటకోత్సవంలో బ్రిటిష్ దర్శకుడు పీటర్ బ్రూక్ మహాభారతాన్ని ఒక రాతి క్వారీలో ఆడించారు. నిడివి దాదాపు తొమ్మిది గంటలు. రాత్రంతా సాగిన ఆటలు తెల్లవారేవేళకు ముగిసేవి. అలాంటి ఆట చూసినవారిని రంగాల వరుస అడిగితే తడబడతారు. ఆకాశం తెల్లబడుతున్నప్పుడు స్టేజీ మీద ఏం జరుగుతోందని అడిగితే దారి దొరుకుతుంది.

జవాబు ఆగగానే తర్వాతి ప్రశ్న వేయకండి. ఐదారు సెకన్లు ఊరుకోండి. అసలైన మాట తరచు ఆ మౌనం తర్వాతే వస్తుంది.

రెండేళ్ల ఆటలు ఒకే రాత్రిగా కలిసిపోవడం మామూలే. మధ్యలో సరిదిద్దారో, చెప్పేవారు జాగ్రత్తపడిపోయి బిగుసుకుంటారు. నోట్సులో రాసుకుని తర్వాత సరిచూడండి. వాన పడిందంటే ఆనాటి పత్రికలో వాతావరణం చూడవచ్చు. ఆ ఊళ్లో ఫలానా తేదీన పొద్దు ఎన్నింటికి గుంకిందో లెక్క కట్టవచ్చు. చంద్రుడు మరీ మంచి సాక్షి. పొద్దు గుంకే వేళకే నిండు చంద్రుడు తూర్పున పైకొస్తుంటే పున్నమి దరిదాపులు. ఆ వేళకు సగం చంద్రుడు ఆకాశంలో ఎత్తున ఉంటే అమావాస్య దాటి వారం అయినట్టు. ఉత్సవం రెండు మూడు వారాలు సాగితే, ఏ రాత్రో ఒకటి రెండు రోజుల తేడాతో తేల్చడానికి ఇది మంచి ఆధారం.

సరిపోలని మాటను మాత్రం కొట్టేయొద్దు. కార్యక్రమ పత్రంలో ఉండేది అనుకున్న ఆట. జరిగిన ఆట ఏమిటో ప్రేక్షకుడికే తెలుసు. నటుడు రాలేక ఇంకొకరు వేషం కట్టడం, కరెంటు పోయినా ఆట సాగడం, జనం చప్పట్లతో సీను ఆగిపోవడం... వీటిలో ఏదీ అచ్చుపత్రంలో దొరకదు.

ముందు ఒక్కొక్కరితో విడిగా అరగంట. ఆ తర్వాతే ఇద్దరు ముగ్గుర్ని కలిపి కూర్చోబెట్టండి. మొదటే కలిపితే గట్టిగా చెప్పేవారి జ్ఞాపకం అందరి జ్ఞాపకంగా మారిపోతుంది.

గాలిచప్పుడు:
ఫోన్ చాలు. కాలర్‌కు తగిలించే మైకు ఒకటి కొనండి. గడ్డానికి జానెడు కింద పెట్టండి. గొలుసు, జరీ, ఒరుసుకునే గుడ్డ దానికి తగలకూడదు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టకపోతే ఒక్క కాల్‌తో రికార్డింగు ఆగిపోతుంది, అది ఆగిన సంగతి కూడా ఎవరూ గమనించరు.

రికార్డింగు యాప్ సెట్టింగుల్లో ఇవి ఎంచుకోండి: వేవ్ (WAV) ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ, అంటే అరగంటకు సుమారు 260 ఎంబీ. గొంతు హెచ్చినప్పుడు యాప్‌లో శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు. సున్నాను తాకితే శబ్దం చిట్లుతుంది, అది మళ్లీ బాగుపడదు. నాయిస్ తగ్గించే సెట్టింగు తీసేయండి. మెల్లగా మాట్లాడేవారి పదాల చివర్లను అది మింగేస్తుంది.

ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని 30 సెకన్లు రికార్డు చేయండి, ఎడిటింగులో అతుకులకు పనికొస్తుంది. ఉత్సవ మైదానంలోనే రికార్డు చేయాలంటే గాలి చప్పుడు ఆపడానికి మైకుకు నురుగు తొడుగు చాలదు, బొచ్చు తొడుగు కావాలి. ప్రతి ఫైలు మొదట్లో తేదీ, చోటు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో నోటితో చెప్పండి. ఫైలు పేరు మారిపోయినా ఆ మాట పోదు.

పాతకాగితం:
ఇప్పుడు లామినేషన్ సంగతి. మెషిన్లో కొట్టే టికెట్లు చాలామటుకు థర్మల్ కాగితం. అందులో సిరా ఉండదు. వేడి తగిలిన చోట పూత నల్లబడడమే అక్షరం. లామినేషన్ మెషిన్ వేడికి టికెట్టంతా నల్లబడిపోతుంది. ఇక చదవడం కుదరదు. వెలుతురు, వేడి, మెత్తటి పీవీసీ కవర్లలోంచి ఊరే రసాయనం కూడా ఆ అక్షరాలను చెరిపేస్తాయి. కాబట్టి అన్నిటికన్నా ముందు, చేతికొచ్చిన రోజే థర్మల్ టికెట్లను స్కాన్ చేయండి. ప్రెస్సులో అచ్చయిన పాత టికెట్లు నాలుగు రోజులు ఆగగలవు, ఇవి ఆగవు.

స్కానరులో టికెట్లకు 600 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని), కరపత్రాలకు 400 పెట్టండి. నలుపు తెలుపు కాగితమైనా రంగుల్లోనే, టిఫ్ (TIFF) ఫైలుగా స్కాన్ చేయండి. వెలిసిన అక్షరం, పెన్సిలు గీత రంగుల్లో తేలినంతగా గ్రేలో తేలవు. రెండు వైపులా తీయాలి. వెనక రాసుకున్న ఫోన్ నంబరో, బస్సు టైమో, పక్కవాళ్ల పేరో ముందున్న అచ్చు కన్నా విలువైనది కావచ్చు. వాటిలో సొంత వివరాలుంటే బయట పెట్టే కాపీలో కప్పేయండి, మూలంలో ఉంచండి.

కరపత్రాల స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. గోటితో పీకితే చిరుగుతుంది. వెనక నుంచి కాళ్లు విప్పి, సన్నటి రేకుతో పైకి లేపండి. పేపర్ కటింగులను కరపత్రాలతో కలిపి పెట్టకండి. ఆ కాగితంలోని ఆమ్లం పక్కదానికి గోధుమరంగు మరకగా ఎక్కుతుంది. సెలోటేపు అసలే వద్దు. కవర్లు పాలిస్టర్‌వో, పాలీప్రొపిలీన్‌వో తీసుకోండి.

మూడోగంట:
లామినేషన్ ఆపించాం, కృతజ్ఞతలు. రికార్డు చేసిందంతా టైపు చేయాల్సిందేనా? ఫొటోలు తెచ్చినవారి అనుమతి ఉంటే చాలా?

అట్టపెట్టె:
ఫొటో తెచ్చినవారూ తీసినవారూ ఒకరే అనుకోకండి. సాధారణంగా హక్కు తీసినవారిది. "ఎవరు తీశారు?" అన్న గడి, ఫొటో తీసుకున్నప్పుడు ఇచ్చే రసీదులోనే ఉంచండి. మాటలకు అనుమతి కాగితం మీద, మూడు గళ్లతో తీసుకోండి: భద్రపరచడానికే, పేరుతో ప్రచురించవచ్చు, పేరు లేకుండా ప్రచురించవచ్చు. సంతకం రికార్డింగు అయ్యాక పెట్టించుకోవాలి. ఏం చెప్పబోతున్నారో ముందు వాళ్లకే తెలియదు కదా.

అంతా టైపు చేయాలంటే గంట మాటకు నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. నలుగురితో అది సాగదు. రెండు మూడు నిమిషాలకొక వాక్యం చొప్పున సూచిక రాయండి: "12:40 – వాన, ఆట ఆగలేదు, జనం గొడుగులు ముడిచి కూర్చున్నారు." వెతుక్కోవడానికి అది చాలు. ప్రచురించే భాగాలను మాత్రం మాట మాటా టైపు చేయండి, యాసను సరిదిద్దకుండా.

ఫైలు పేరు ఏడాది, నెల, తేదీ, వరుస సంఖ్య. అదే సంఖ్య కాగితం కవరు మీద పెన్సిలుతో రాయండి. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల స్టోరేజీల్లో, ఒకటి వేరే భవనంలో. ఏటా ఉత్సవానికి ముందు ఒక్కో కాపీలోంచి కొన్ని ఫైళ్లు తెరిచి, చివరిదాకా మోగుతున్నాయో లేదో వినండి.