రాత్రి హీటింగ్ ఆపి పడుకుంటే గొంతు ఎండిపోతోంది, ఏం చేయాలి?

కొత్తగా వచ్చినవాడు:
అందరికీ నమస్కారం. ఈ మధ్యే చదువుకోడానికి విదేశం వచ్చాను. బిల్లు భయానికి రాత్రి హీటింగ్ ఆపేస్తున్నా. గది 14 డిగ్రీలకు పడిపోతోంది. దుప్పట్లో ఒళ్లు వెచ్చగానే ఉంటుంది కానీ పొద్దున్నే గొంతు ఎండిపోయి, ముక్కు కారుతోంది. చల్లగాలి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయా?

మాధవి:
పాడవవు తమ్ముడూ. గాలిని వేడిచేసి, తడిపి లోపలికి పంపడమే ముక్కు పని. ఊపిరితిత్తుల లోతుకి చేరేసరికి ఆ గాలి దాదాపు 37 డిగ్రీలకు వచ్చేస్తుంది. ఆ పనిలోనే ముక్కు కారుతుంది. ముక్కు దిబ్బడేసి నోటితో పీలిస్తే గొంతు ఎండుతుంది. ఆస్తమా ఉంటే మాత్రం లెక్క వేరు. చల్లటి పొడిగాలికి శ్వాసనాళాలు బిగుసుకుని పిల్లికూతలు మొదలవుతాయి. నీకుందా?

శ్రీను:
అవన్నీ సరే, ముందు ఇంటి ఓనర్ సంగతి చూడు. గదిలో కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. మా పాత ఇంట్లో రేడియేటర్, అదే వేడినీళ్లు తిరిగి గదిని వేడిచేసే పరికరం, కింద చెయ్యి కాలేది, పైన చల్లగా ఉండేది. ఫోన్ చేస్తే స్వెట్టర్ వేసుకోమన్నాడు ఓనర్. బతిమాలితే వచ్చి, కింది భాగం ముట్టుకుని "బానే ఉందే" అని వెళ్లిపోయాడు. ఈలోగా కిటికీ అద్దాల మీంచి నీళ్లు కారి, బీరువా వెనక గోడంతా నల్లగా బూజు. అది చూపిస్తే బట్టలు లోపల ఆరేస్తున్నారని మా మీదకే తిప్పాడు. చివరికి పక్క ఫ్లాట్ పెద్దాయన చిన్న తాళంచెవి తెచ్చి పై మూలనున్న వాల్వు తిప్పితే, లోపల చిక్కుకున్న గాలి బుస్సుమని పోయి వెనకే నీటిచుక్కలు వచ్చాయి. కాసేపటికి పైదాకా వేడెక్కింది. అయినా ఖాళీ చేసేటప్పుడు బూజు పేరు చెప్పి అడ్వాన్సులో కోత పెట్టాడు. 18 కంటే తగ్గితే అద్దె ఆపెయ్. చట్టం మనవైపే.

మాధవి:
శ్రీనూ, కుర్రాడిని రోడ్డున పడేస్తావా? 18 అనేది సలహా. చట్టం ఏ దేశానిది ఆ దేశానిదే. అద్దె ఆపద్దు తమ్ముడూ, థర్మామీటర్ ఫోటో తీసి మెయిల్ పెట్టు.

మూర్తి:
ఇంత హడావిడి దేనికి? నేను చలికాలమంతా కిటికీ ఓరగా తెరిచే పడుకుంటా. గొంతు ఎండేది హీటర్ వల్లే.

మాధవి:
మూర్తి గారూ, హీటర్ గాలిలోని నీటిని తాగెయ్యదు. గాలి వేడెక్కేకొద్దీ ఎక్కువ నీటిని పట్టగలదు, అందుకే ఉన్న నీరు చాలక పొడిబారుతుంది. సున్నా డిగ్రీల గాలి నిండా తేమతో ఉన్నా, 20 డిగ్రీలకు వేడిచేస్తే తేమ 30 శాతం కూడా ఉండదు. మీ ఓరకిటికీ తెచ్చేది ఆ పొడిగాలినే. పైగా చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది. మీ వయసుకి అది ముఖ్యం.

మూర్తి:
నా వయసు సంగతి ఇక్కడెందుకమ్మా! అన్నీ బిగించుకుంటే బూజు రాదా?

శ్రీను:
ఇద్దరిదీ సగం సగం కరెక్టే. కిటికీ పూర్తిగా తెరిచి ఐదు పది నిమిషాల్లో మూసేయాలి. గాలి మారుతుంది, గోడలు చల్లబడవు. ఇంకోటి, చలికి తాళలేక గదిలో బొగ్గులు మాత్రం రాజేయకు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

కొత్తగా వచ్చినవాడు:
ఆస్తమా లేదక్కా. ఇప్పుడే చూశాను, మా రేడియేటర్ కూడా పైన చల్లగానే ఉంది. ఆ తాళంచెవి ఎక్కడ దొరుకుతుంది అన్నా?

శ్రీను:
హార్డ్‌వేర్ షాపులో అడుగు. ముందు ఓనర్‌కి ఒక మాట చెప్పు. హీటింగ్ ఆపి, చల్లారాక, కింద గుడ్డ పెట్టి మెల్లగా తిప్పు. నీళ్లు రాగానే బిగించెయ్.