‘జూర్నాల్’ని తెలుగులో ఎక్కడ తుంచాలి?

పికాసో 1912లో వేసిన పేము కుర్చీ అల్లిక బొమ్మ గురించి ఒక వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను, సాయం చేయండి. ప్యారిస్‌లో పికాసో మ్యూజియంలో ఉందది. చిన్న కోల బొమ్మ, 29 సెంటీమీటర్ల ఎత్తు, 37 వెడల్పు, ఫ్రేముకు బదులు చుట్టూ తాడు. గ్లాసు, పైపు, కత్తి, నిమ్మచెక్క, అన్నీ కేఫ్ బల్ల మీద రోజూ కనపడేవే, ముక్కలు ముక్కలుగా ఉంటాయి. కుర్చీ అల్లిక మాత్రం చేత్తో గీసింది కాదు, ఆ అల్లిక అచ్చు వేసిన ఆయిల్‌క్లాత్‌ని అతికించాడు.

పైన జె, ఓ, యు అని మూడు పెద్ద అక్షరాలుంటాయి. దినపత్రికను ఫ్రెంచ్‌లో జూర్నాల్ అంటారు, దాని మొదటి మూడక్షరాలు ఇవి. అక్కడ తుంచేసరికి ‘జూవే’, అంటే ఆడటం, అది కూడా వినిపిస్తుంది. అచ్చమైన శ్లేష. ఏది అసలు, ఏది బొమ్మ అని మనతో ఆడుకుంటున్న బొమ్మలో ఆ మాట ఉండటం నాకు భలే నచ్చుతుంది.

ఈ శ్లేషను తెలుగులోకి తేవాలని దినపత్రికను తుంచితే ‘దిన’ మిగులుతుంది. జూర్నాల్‌లోనూ ఉన్నది ‘జూర్’, అంటే రోజే, కాబట్టి పుట్టుక కలిసింది కానీ ఆట పోయింది. పైగా మనకు దినం అనగానే పదకొండో రోజు గుర్తొస్తుంది, ఇంత ఉల్లాసమైన బొమ్మకు అది అస్సలు కుదరదు.

వ్యాఖ్య:
ఇంట్లో దినపత్రిక అని ఎవరంటారండీ, పేపరొచ్చిందా అనే కదా అడుగుతాం. ‘పే’ దగ్గర తుంచేయండి. పేపరూ అవుతుంది, పేకా అవుతుంది. వాళ్లకు మూడక్షరాలు పట్టింది, మనకు హల్లూ అచ్చూ కలిసే ఉంటాయి కాబట్టి ఒక్కటి చాలు.

పోస్టు రాసినవారి జవాబు:
అబ్బ, ఎంత బాగా చెప్పారండీ! రెండ్రోజులుగా సంస్కృత సమాసాలు వెతుకుతున్నాను, పేపరు తట్టనేలేదు. క్యూబిస్టులు, అంటే పికాసోలా వస్తువులను ముక్కలు ముక్కలుగా చూపే చిత్రకారులు, వేసిన బల్లల మీద పేకముక్కలు తరచూ ఉంటాయి కాబట్టి పేక అక్కడికి పరాయిది కూడా కాదు. జూవే అంటే ఏ ఆటైనా, వాద్యం వాయించడమైనా అవుతుంది, అంత విస్తృతి పేకకు లేదు, అది ఒప్పుకుని పక్కన ఒక వాక్యం రాస్తాను. ఇంకోటి గమనించారా, ‘పే’ అంటే పేము కూడా! ఫ్రెంచ్‌లో ఈ మూడో అర్థం లేదు. అనువాదంలో అదనంగా వచ్చింది కదా అని తీసేయాలా? నాకైతే మనసొప్పట్లేదు, ఉంచేస్తున్నాను.